విక్టర్ తాత చావలేదు

ప్రియమైన ఏలియా అన్నకు,

పుణె నుంచి నీ చెల్లె సలోమి వందనాలు. దేవుని దయవల్ల నాకు ఇక్కడ ఏ లోటూ లేదు. జలుబు తగ్గింది, ఉద్యోగం నిలబడింది, కోపం ఒక్కటే ఇంకా దిగలేదు. అది నీ మీదే కాబట్టి ఉత్తరం కూడా నీకే రాస్తున్నాను. ముందు మంచిచెడ్డలు అడగాలి కదా, అడుగుతున్నాను. అవ్వ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? వదినకు ఏడో నెల వచ్చింది, నీళ్ల బిందెలు మోయనియ్యకు. ఆటోకు కొత్త టైర్లు వేయించావా? చిల్కూరు గుడికి వీసాల కోసం వచ్చే జనం ఇంకా పెరిగారని వదిన చెప్పింది. వాళ్లకు వీసాలు వచ్చినా రాకపోయినా నీ ఆటో నడుస్తుంది, సంతోషం.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని విసుక్కుంటావు, నాకు తెలుసు. ఇంట్లో ఫోన్ మోగితే ముందు అవ్వే ఎత్తుతుంది, నువ్వు మాట్లాడుతున్నంతసేపూ పక్కనే కూర్చుంటుంది. నీ సెల్‌కు చేస్తే, ఇబ్బంది పెట్టే మాట రాగానే "సిగ్నల్ పోతున్నదే" అని పెట్టేస్తావు. ఉత్తరానికి సిగ్నల్ పోదు. అందుకే మొయినాబాద్ ఆటో స్టాండు పక్కన నువ్వు ఛాయ్ తాగే హోటల్ చిరునామాకు పంపుతున్నాను. అక్కడే చదువు. ఇంటికి మాత్రం తేకు, అవ్వ చేతికి దొరికితే వదినతో చదివించుకుంటుంది. ఇంకొకటి, నవ్వకు. నోటితో తిట్టేటప్పుడు మన మాటే వస్తుంది గానీ, కలం పట్టుకుంటే నాకు బళ్లో తెలుగు సారు నేర్పిన భాషే వస్తుంది.

ఇక్కడ మూడు వారాలుగా ఒకటే వాన. ఉతికిన బట్టలు ఆరవు, తడి వాసనతోనే ఆఫీసుకు పోతున్నాను. తల్లి ప్రాణం కదా, తిండి గురించి ఫికర్ పెట్టుకోవద్దని అవ్వకు చెప్పు. మన జొన్నరొట్టె ఇక్కడా దొరుకుతుంది, పేరు వేరు, అంతే. కానీ పప్పులో బెల్లం వేస్తారన్నా! మొదటిసారి తిన్నప్పుడు పొరపాటున పాయసం వడ్డించారనుకున్నాను. అవ్వ చేసే పచ్చిపులుసు గుర్తొచ్చి ఆ రోజు ఏడుపొచ్చింది. నా హిందీ విని అందరూ నవ్వుతారు. అవునని "హౌ" అన్నా నవ్వుతారు, ఎందుకని "కైకు" అన్నా నవ్వుతారు. వద్దని "నక్కో" అంటే మాత్రం నవ్వరు, ఆ మాట వాళ్ల మరాఠీలోనూ ఉంది. ఆదివారం ఆరాధనలో పాటలన్నీ మరాఠీలో పాడతారు, నేను అదే రాగంలో తెలుగు మాటలు నాలో నేనే పాడుకుంటాను. బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను.

సలోమి ఉద్యోగం ఏమిటని చిన్నమ్మ మళ్లీ అడిగితే ఇట్లా చెప్పు. వేరేవాళ్లు కంప్యూటర్ ప్రోగ్రాం రాస్తారు, అందులో తప్పులు పట్టడం నా పని. తప్పు కనబడితే ఏం తప్పు, ఎక్కడ వచ్చింది, అసలు ఏం రావాలి అని మూడు ముక్కలు రాసి పంపాలి. చిన్నప్పటి నుంచీ నేను చేసింది అదే కదా అంటావు. అను, ఇవాళ ఏమన్నా అనుకో, చివరి వరకు చదివితే చాలు.

ఇక అసలు సంగతి. మనం తెలుగు డబ్బింగ్‌లో చూసిన ఇంగ్లీషు పిడుగు మనిషి రెండో భాగం వచ్చింది. పదేండ్లు ఎదురుచూశానన్నా! అవ్వ, నువ్వు, నేను కలిసి హాలులో చూసింది ఆ మొదటి భాగం ఒక్కటే. అవ్వ అసలు సినిమా హాలులో కాలు పెట్టిందే ఆ ఒక్కసారి. నాకప్పుడు పన్నెండేండ్లు. కరెంటు స్తంభాలు ఎక్కే అనాథ కుర్రాడి మీద పిడుగు పడుతుంది, వాడి చేతుల్లోకి కరెంటు వస్తుంది. వాణ్ని పెంచిన ముసలి మెకానిక్ విక్టర్ తాత వాడికి బుద్ధి నేర్పుతాడు. చివర పవర్‌హౌస్‌లో ఊరిని కాపాడటానికి ఆ తాత ఉత్త చేతులతో కరెంటు మీట పట్టుకుంటాడు. తెర నిండా తెల్లటి మెరుపు. ఇక అయిపోయాడు అనుకుంటే కళ్లు తెరిచి "నేనెక్కడికి పోతానురా? వెళ్లి టీ పెట్టు" అంటాడు. ఆ మాటకు నేను కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాను. పుణెలో ఈ కథ నేను చెప్పని మనిషి లేడు. నా గదిలోనే ఉంటూ ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చునే వైశాలి, ఆ సినిమా చూడని పిల్ల, విని విని చేతులు జోడించింది. అయినా పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఆటకు దాన్ని రెండో భాగానికి లాక్కుపోయాను.

ఛీ! ఏం తీశారన్నా ఆ సినిమా! మన పిడుగు మనిషి నడుముకు తోలు పట్టా, దానికి రెంచీ ఉండేవి, గుర్తుందా? అవి తీసేసి వాడికి ఒంటి నిండా నల్ల రబ్బరు బట్టలు తొడిగారు. రబ్బరులో కరెంటు పారదని మన ఊళ్లో మోటార్లు బాగుచేసేవాళ్లను అడిగినా చెబుతారు! అంత డబ్బు పెట్టి తీసేవాళ్లలో ఒక్కడికీ తట్టలేదా? ఒక్క విలన్ చాలడన్నట్టు ముగ్గుర్ని పెట్టారు, ఆ ముగ్గురూ మాట్లాడుకోవడానికే గంట పట్టింది. వాడి చేతుల్లోంచి వచ్చే పిడుగు కాకరపువ్వొత్తి కన్నా నయం కాదు. పోరాటం మధ్యలో ఆగి సెల్‌ఫోన్ తీసి చూసుకుంటాడు, ఫోన్ కంపెనీ పేరు మనకు కనబడేటట్టు పట్టుకుని మరీ. ఇక్కడి హిందీ డబ్బింగ్ గొంతు అయితే ఇంటర్ తప్పిన పిల్లగాడి గొంతు. మన తెలుగు గొంతు ఎట్లా ఉండేది! "ఆగు" అంటే బస్సు ఆగేటట్టు ఉండేది.

ఇవన్నీ మింగేద్దును. కానీ సినిమా మొదలవడమే ఎట్లా మొదలైందో తెలుసా? వానలో ఒక సమాధి. దాని మీద విక్టర్ తాత పేరు. పిడుగు మనిషి దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. తాత పవర్‌హౌస్‌లోనే చనిపోయాడట! నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి "అరే, ఏం మాట్లాడుతుండ్రు? ఆయన సచ్చిపోలే! లేసి ఛాయ్ గూడ అడిగిండు!" అని తెలుగులోనే అరిచాను. వెనకాయన "బైఠో, బైఠో" అన్నాడు. వైశాలి నా చున్నీ పట్టి గుంజి కూర్చోబెట్టింది.

సోమవారం ఆఫీసులో కూర్చోగానే మా పద్ధతి ప్రకారం మూడు ముక్కలు రాశాను. తప్పు: విక్టర్ తాత సమాధి. ఎక్కడ వచ్చింది: రెండో భాగం మొదటి సీనులో. ఏం రావాలి: తాత బతికి ఉండాలి, చేతిలో టీ ఉండాలి. రాసి మా టీమ్ మొత్తానికీ పంపాను. నలుగురు జవాబిచ్చారు. నలుగురూ ఒకటే మాట. తాత మొదటి భాగంలోనే చనిపోయాడు, నువ్వు నిద్రపోయి ఉంటావు. నేనా నిద్రపోయింది? వారం రోజులు క్యాంటీన్‌లో యుద్ధమే. ఏడో తరగతిలో షాబాద్ సుజాత ఇదే మాట అన్నందుకు కంపాస్ పెట్టెతో దాని నెత్తి మీద కొట్టినదాన్ని, వీళ్లకు భయపడతానా? కళ్లారా చూశాను, మా అన్న ఆ హాలులోనే పనిచేశాడు, మా అవ్వ సాక్షి అని బల్ల గుద్ది చెప్పాను.

వైశాలి విసిగిపోయి ఎక్కడి నుంచో ఆ మొదటి భాగం సీడీ పట్టుకొచ్చింది. శనివారం మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు కంప్యూటర్‌లో పెట్టి "అబ్ దేఖ్" అంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. సినిమా ఇరవై నిమిషాలు నడిచిందో లేదో, తాత తన షెడ్డులో నిచ్చెన మీద నుంచి జారి పడ్డాడు. కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. తాత కళ్లు తెరిచి, ఇంగ్లీషులో, టీ పెట్టమన్నాడు.

అన్నా, ఇదేమిటి? ఇది చివర కదా రావాలి? సీడీ తప్పుగా చేశారేమోనని కాసేపు దాన్ని కూడా తిట్టుకున్నాను. తరువాత పవర్‌హౌస్ వచ్చింది. తాత మీట పట్టుకున్నాడు. మెరుపు వచ్చింది. ఆ తరువాత తాత కళ్లు తెరవలేదు. కుర్రాడు ఆయన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని బయటికి తెచ్చాడు, ఎవరో దుప్పటి కప్పారు. నేను వైశాలి చేయి గట్టిగా పట్టుకున్నానని తరువాత గాని తెలియలేదు. వారం రోజులు నాతో కొట్లాడిన పిల్ల, సీడీ ఆపేసి మంచినీళ్లు తెచ్చింది.

తప్పులు పట్టేదాన్నట! మన సినిమాలో తాత కళ్లు తెరిచే సీనులో పక్కన నిచ్చెన పడి ఉండేది. పవర్‌హౌస్‌లోకి నిచ్చెన ఎక్కడిదని పదేండ్లలో ఒక్కసారి అడగలేదు. కరెంటు తాతను ఎగరేసి నిచ్చెన దగ్గర పడేసిందని నాకు నేనే చెప్పుకున్నాను.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నీకు పంతొమ్మిదేండ్లు. చేవెళ్ల హాలులో ఆపరేటర్ చేతికింద రీళ్లు చుట్టడం, తెగిన ఫిల్ము అతికించడం నీ పని. బాపు పోయి నెల తిరగలేదు. తడి చేతులతో మోటారు స్టార్టర్ ముట్టుకున్నాడు, మనం పొలానికి ఉరికేసరికే అయిపోయింది. ఆ నెలంతా అవ్వ గడప దాటలేదు, ముద్ద సరిగా మింగలేదు. నేనేమో చిన్నపిల్లను, పిడుగు మనిషి సినిమా అని నీ ప్రాణం తీస్తున్నాను. శుక్రవారం మొదటి ఆట నువ్వు చూసి ఉంటావు. శనివారం ఇంటికి వచ్చినప్పుడు నీ బొటనవేలికి బ్లేడు గాటు ఉంది, చేతులు ఫిల్ము అతికించే గమ్ము వాసన కొట్టాయి. ఆదివారం ప్రార్థన అయిపోగానే మమ్మల్ని మాటినీకి బయల్దేరదీశావు. అవ్వ "సినిమాలు మనకెందుకు బిడ్డా" అంటే, "నేను పనిజేసే జాగ ఒక్కసారన్న జూడవా అవ్వా" అని బతిమాలావు.

ఆ మెరుపు తరువాత తెర మీద 'టప్'మని ఒక చప్పుడైంది. తాత లేచాడు. జనం ఈలలు వేసి "అరేయ్ ఆపరేటర్!" అని కుర్చీలు బాదారు. తాతను బతికించినందుకు మా అన్నను మెచ్చుకుంటున్నారని నేను వెనక్కి తిరిగి ప్రొజెక్టర్ క్యాబిన్ చిన్న కిటికీ వైపు చేయి ఊపాను. ఆ తరువాత నెలరోజులు నిన్ను క్యాబిన్‌లోకి రానియ్యకుండా గేటు దగ్గర టికెట్లు చింపే పనికి పెట్టారు. ఎందుకని అడిగితే "గేటు కాడ గాలి మంచిగొస్తదే" అన్నావు. నేను నమ్మాను. మనం టీవీ కొన్నాక ఆ సినిమా వచ్చిన ప్రతిసారీ మన ఇంటికి మాత్రమే కేబుల్ పోయేది. నువ్వు డాబా ఎక్కి "వైరు ఎలుకలు కొరికినయి" అనేవాడివి. దానికీ నమ్మాను. ఎంత పిచ్చిదాన్ని చేశావన్నా నన్ను!

ఆ పని చేసే హక్కు నీకు ఎవరిచ్చారు? తాత చనిపోయే ముక్క కోసేసి, నిచ్చెన దగ్గరి ముక్క అక్కడ అతికించావు, కోసింది ఒక రీలే అనుకున్నావేమో. నేను దాన్ని నిజమనుకుని పదేండ్లు బతికాను. ఆ తాత మీట పట్టుకుని కూడా లేచి టీ అడిగాడే, మరి మన బాపు ఎందుకు లేవలేదని ఎన్ని రాత్రులు దేవుణ్ని అడిగానో నీకు తెలుసా? బాపు గట్టిగా లేడేమో, మనం ఉరకడం ఆలస్యమైందేమో, నేను ఇంకా గట్టిగా పిలిస్తే కళ్లు తెరిచేవాడేమో అనుకున్నాను. పన్నెండేండ్ల పిల్లకు అది ఎంత బరువో నువ్వు ఆలోచించలేదు. కరెంటు పట్టుకుంటే ఎవరైనా పోతారు, తాత అయినా పోతాడు అని ఆ రోజే చూసి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. సీడీలో చూశాక ఆ పని ఇప్పుడు చేశాను. ఆఫీసు బాత్రూంలో కూర్చుని ఏడ్చాను, తాత కోసమో బాపు కోసమో నాకే తెలియదు.

ఈ తిట్లన్నీ అప్పుడే రాసి పంపేద్దామని కూర్చున్నాను. బస్టాండు గుర్తొచ్చి కలం ఆగింది. హాలు నుంచి బయటికి వచ్చాక అవ్వ బస్టాండులో నిలబడి "జర ఆకలైతున్నదిరా" అంది కదా. నువ్వు ఉరికి మిరపకాయ బజ్జీలు తెచ్చావు. నాలుగు తిన్నది. తింటూ "సూడు, ముసలాయన ఎట్ల లేసిండో" అని నవ్వింది కూడా. నెలరోజుల తరువాత అవ్వ నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు. నువ్వు తినకుండా అవ్వ వైపే చూస్తూ నిలబడ్డావు. నీ వాటా బజ్జీలు నేనే తిన్నాను. కాబట్టి పూర్తిగా తిట్టలేకపోతున్నాను, సగం తిట్టినట్టు లెక్కేసుకో.

ఇంతలో పోయిన ఆదివారం నేను ఇంటికి ఫోన్ చేశాను. నువ్వు లేవు. అవ్వ యోగక్షేమాలు అడిగి, ఆఖరికి మెల్లగా మొదలుపెట్టింది.

"ఏమే సలోమీ, ఆ పిడుగు మనిషిది ఇంకోటి వచ్చిందంట గద. టీవీల జూపెడుతుండ్రు. నువ్వు జూసినవా?"

"జూసిన అవ్వా."

"మరి గా ముసలాయన మంచిగున్నడా?"

నేను నోరు తెరిచాను. సమాధి గురించి టీమ్ మొత్తానికీ రాసినదాన్ని, హాలులో లేచి అరిచినదాన్ని, నిన్ను ఇంతసేపు కడిగి ఆరేసినదాన్ని. నా నోటి నుంచి ఏం వచ్చిందో తెలుసా?

"మంచిగున్నడే అవ్వా. జర వయసు మీద పడ్డది, గంతే."

"నాకెరుకే. గట్టి మనిషి గాయన. ఈ నెల ఆఖరుకు చేవెళ్లల పడుతదంట, మీ అన్నను తోల్కపొమ్మంట. మల్లొకసారి జూస్త."

ఫోన్ పెట్టేసి నెత్తి పట్టుకున్నాను. తెలుగులోకి మార్చినా సమాధి సమాధే కదా. ఇప్పుడు ఆ క్యాబిన్‌లో నీకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు, నీ చేతిలో బ్లేడు లేదు, ఎలుకలు కొరకడానికి హాలుకు కేబుల్ లేదు. అవ్వను వద్దంటే ఎందుకని అడుగుతుంది, నీకు అబద్ధం చెప్పడం రాదు, గేటు కాడ గాలి అంటావు.

అందుకని నిన్న ఆ చెత్త సినిమాకు మళ్లీ వెళ్లాను. జన్మలో చూడనని క్యాంటీన్‌లో ఒట్టు పెట్టినదాన్ని, ఒంటరిగా, చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. జాగ్రత్తగా చదువు. సినిమా మొదలైన పదకొండో నిమిషానికి సమాధి సీను పూర్తిగా అయిపోతుంది. కాబట్టి ఆ రోజు చేవెళ్ల ఇంకో మైలు ఉందనగా నీ ఆటో చెడిపోవాలి. నీ ఆటో ఎట్లాగూ చెడిపోయేదే, ఎవరికీ అనుమానం రాదు. పావుగంట ఏదో ఒకటి విప్పి బిగించు. వదినను వెంట తీసుకుపోకు, కడుపుతో ఉన్న మనిషిని రోడ్డు మీద నిలబెట్టకు. ఇంటర్వెల్‌కు ముందు గోడ మీద తాత ఫోటో కనబడుతుంది. దానికి దండ వేయలేదు, కాబట్టి అవ్వ ఏమీ అనుకోదు. ఆ దేశంలో దండలు వేయకపోవడం మన అదృష్టం. ఇంటర్వెల్ తరువాత రెండో విలన్ వంతెన మీదికి రాగానే పిడుగు మనిషి "తాత పోయాక" అని ఒక మాట అంటాడు. అక్కడ నువ్వు గట్టిగా దగ్గు. రెండుసార్లు దగ్గు. అంతే, ఇంకెక్కడా తాత మాట లేదు. ఆ రబ్బరు బట్టల గురించి అవ్వ ఏమైనా అడిగితే మాత్రం నిజమే చెప్పు, వాళ్లకు బుద్ధి లేదని చెప్పు.

మొయినాబాద్ నుంచి ఎవరైనా పుణె వస్తుంటే చింతకాయ తొక్కు పంపించు, ఈ బెల్లం పప్పుతో నా నాలుక చచ్చిపోయింది. షాబాద్ సుజాతను మన దగ్గరి ప్రొద్దుటూరుకే ఇచ్చారట కదా. ఎప్పుడైనా నీ ఆటో ఎక్కితే కిరాయి అడగకు. కంపాస్ పెట్టె సంగతి క్షమించమన్నానని, అది చెప్పిందే నిజమని చెప్పు. అవ్వ లేనప్పుడు చెప్పు.

అవ్వకు ముద్దులు. వదినకు, చిన్నమ్మకు, చర్చిలో పెద్దలందరికీ నా వందనాలు. మీ ప్రార్థనల్లో నన్ను తలుచుకోండి. బాపు తరువాత నాకు పెద్దదిక్కు నువ్వే, దూరం నుంచే నా తల మీద చేయి పెట్టి దీవించు. ఆ చేయి గమ్ము వాసన వచ్చినా ఫర్వాలేదు.

కోపం సగమే తగ్గిన నీ చెల్లె,
సలోమి

తా.క. రెండోసారి చూసినా సినిమా చెత్తే. కానీ ఆఖరి సీనులో పిడుగు మనిషి ఇంటికి వచ్చి టీ పెట్టుకుని, ఒక్కడే ఉండి కూడా రెండు కప్పుల్లో పోస్తాడు. మొదటిసారి అది చూసి ఏమిటీ వేషాలని తిట్టాను. అవ్వ అది చూసి "తాత లోపట ఉన్నట్టున్నడు" అంటుంది. అననియ్యి.